బండ కడిగిన పొద్దు

కుండ నిండాలి. నిండేదాకా కూర్చోవాలి. కూర్చోవడం తప్ప వేరే పని లేదు. ఈ మాట లోపల్లోపలే మూడుసార్లు అనుకునేసరికి భీమక్కకు నవ్వొచ్చింది. ముప్పై అయిదేళ్ళ ఒంటికి కూర్చోమని పని పురమాయించడం ఇదే మొదలు. ఊరికి పడమటనున్న కొండ మీద, బండసందులోంచి ఒక చుక్క జారి కింద పెట్టిన కుండలో పడుతుంది. ఆ తర్వాత ఇంకో చుక్క వదలాలా వద్దా అని కొండ కాసేపు ఆలోచించుకుంటుంది. మంచికాలంలో ఈ దొనలో గొర్రెలు దిగి కడుపునిండా తాగేవి. ఇప్పుడు పాచి ఎండి బెరడు కట్టిన గుంట, ఆ గుంటలో ఆమె పెట్టిన చిన్న మట్టికుండ, పక్కన కొత్త చీపురు, అంతే. ఇంకా తెల్లవారలేదు. తూర్పున వేగుచుక్క బారెడు పైకొచ్చింది. ఇంటి దగ్గర తలమీద పోసుకున్న నాలుగు చెంబుల నీళ్ళు సగం కొండ ఎక్కకముందే ఆరిపోయాయి, తడిచీర పొడిచీర అయింది, జుట్టు మొదళ్ళలో మాత్రం కాస్త చల్లదనం మిగిలింది. గాలి వచ్చి వచ్చి ఆ చల్లదనాన్నే తాకుతుంటే ఆమె కళ్ళు మూసుకుంది. బాగుంది. అబ్బ, ఎంత బాగుంది. అనుకున్న వెంటనే భయమేసింది. ఊరంతా పస్తుండి వానకోసం మోకరించబోయే పొద్దున, అందరికంటే ముందు మోకరించాల్సిన మనిషికి ఇంత బాగుండవచ్చునా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? చూసేందుకు ఎవరూ లేరు కదా అని మళ్ళీ తనే అనుకుంది. ఎవరూ లేకపోవడమే కదా ఇంత బాగుండడానికి కారణం అని కూడా అనుకుంది.

ఈ రోజు వరద పాశం. వానలు మొహం చాటేసిన ఏడాది ఇంటింటా పిడికెడు కొర్రలు, వేలెడు బెల్లం పోగుచేసి, ఊరు ఊరంతా కొండెక్కి, అక్కడే పాయసం వండి, దాన్ని ఆకులో కాదు, గిన్నెలో కాదు, ఉత్త బండ మీద కుమ్మరిస్తారు. చేతులు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, గొడ్లు నాకినట్టు నాలుకతో నాకుతారు. చిన్నా పెద్దా లేదు, చేలున్నవాడూ లేనివాడూ లేదు. మాకు చేతులు కూడా మిగల్లేదు సామీ, నోరొక్కటే ఉండాది, చూసుకో అని పైవాడికి చూపించడమన్నమాట. ఆ బండను ముందుగా ఒకరు కడగాలి. ఎవరంటే వాళ్ళు కాదు. కరువు ఎవరి గుండెను ఎక్కువ కోసిందో ఆ ఆడమనిషి, శుక్రవారం కోడి కూయకముందే తలకు పోసుకుని, ఒంటరిగా, ఎంగిలిపడకుండా, నోరు విప్పకుండా కొండెక్కి, కొండనీళ్ళతోనే కడగాలి. అందరూ వచ్చి పాశం పోశాక ఆమె నోటినుంచి వచ్చే మొదటి మాట వానను అడిగే మాటే కావాలి. తనకు కరువులో పోయిందేదో దాని పేరు చెప్పి, వానా రా, వస్తూ దాన్ని తే అని అడగాలి. అప్పుడుగానీ తక్కినవాళ్ళు నాలుక ఆనించకూడదు. ఆ మొదటి మాటలో అబద్ధపు పొల్లు ఉంటే మబ్బు మోడానికి తెలిసిపోతుందని, వచ్చే వాన కూడా దారి మళ్ళి పోతుందని పెద్దల మాట. భీమక్క నిన్న పొద్దుగూకినప్పటినుంచీ నోరు విప్పలేదు.

ఆమెను ఎంచిన ముచ్చట తలుచుకుంటే ఇప్పటికీ ఏడవాలో నవ్వాలో తెలియదు. ఆరుద్ర కార్తె ఉత్త చేతులతో వెళ్ళిపోయిన మర్నాడు రచ్చకట్ట దగ్గర ఊరంతా చేరింది. పుష్యమాసంలో ఇదే ఊరు బండ్లు కట్టుకునిపోయి పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఓట్లేసి వచ్చింది, అప్పుడున్న సందడిలో వీసమెత్తు కూడా ఇప్పుడు లేదు. బండ కడగడానికి ఎవరిని పంపుదామని మాట వచ్చింది. పెద్ద ఈరన్న ఊరికి పెద్ద తలకాయ, డెబ్బై దాటినవాడు, మాట తొందరగా అనడు, అంటే వెనక్కి తీసుకోడు. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి అందరినీ ఒకసారి చూసి, “ఇంగెవురప్పా, మన భీమక్కే. బిడ్డా పాపా ల్యాకపాయె. ఎద్దులు పాయె. మొగుడు కాలవ పనికని దేశం పట్టిపాయె. ఆయమ్మ కండ్లల్లో నీళ్ళు జూస్తే మోడం నిలబడగలదా?” అన్నాడు. నలభై తలలు ఆమెవైపు తిరిగాయి. ఆ చూపుల్లోని జాలికి ఆమె తల వంచుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తాండాది పాపం అన్నారెవరో. ఆమె ఏడవడం లేదు. ఊళ్ళో ఇంతమంది ఆడవాళ్ళుండగా వాన వద్దనుకునే ఒకే ఒక్క ఆడదాన్ని ఏరి ఏరి పట్టుకున్నారే అని ఊపిరాడక కొంగు కుక్కుకుంది. ఊరు కొరివితో తల గోక్కుంటోంది, ఆ సంగతి ఊరికి తెలియదు. ఆమెకు తెలుసు. తెలిసీ వద్దని చెప్పలేకపోయింది. ఎందుకు వద్దు అని అడిగితే ఏం చెప్పాలి?

వద్దు. ఔను, వద్దు. వినేందుకు రాళ్ళు తప్ప ఎవరూ లేరు గనక లోపల గట్టిగానే ఒప్పుకుంది. వాన పడితే గోపన్న వస్తాడు. నెల కిందట తుంగభద్ర కాలవ పనినుంచి ఒళ్ళు బాగాలేక దిగివచ్చిన కంబన్న చేత చెప్పి పంపాడు, “పదును వాన పడిన్రోజే బయల్దేరి వస్తా, దున్నే మడక సిద్ధం చేసి పెట్టమను దాన్ని” అని. గోపన్న చెడ్డవాడని ఊళ్ళో అంటే కొట్టడానికొస్తారు. నలుగురిలో మంచివాడు, పిలిస్తే పలుకుతాడు, శవం లేస్తే మొదట భుజం పట్టేవాడు అతనే. ఎద్దుల మీద చెయ్యెత్తడు. చేతిలో ములుగర్ర ఉన్నా పొడవడు, నాలుక చప్పరిస్తే చాలు, నడిచేవి అవి. పోయిన దసరాకు మేత లేక వాటిని కోడుమూరు సంతకు తోలి అమ్మివచ్చిన పొద్దు, ఎద్దులు కట్టేసే ఖాళీ గాటిపాట ముందు కూర్చుని పసివాడిలా ఏడ్చాడు. ఆమె దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టి తిప్పిన తిప్పు సంక్రాంతి దాకా నొప్పి పెట్టింది. సంగటి వేడెక్కువైతే ఒక దెబ్బ, చల్లారితే రెండు. ఎప్పుడు ఎందుకు కొడతాడో తెలిసి ఉంటే జాగ్రత్త పడేది, అది అతనికీ తెలియదు. కర్ర గోడకు ఎట్లా ఆనిస్తాడు, చెప్పులు ఎట్లా విడుస్తాడు, దగ్గు ముందొస్తుందా పిలుపు ముందొస్తుందా, అన్నీ వినాలి. ఇరవై రెండేళ్ళు ఆమె చెవులు రెండూ వాకిలి దగ్గరే కాపలా ఉన్నాయి. అతను పోయాక ఈ తొమ్మిది నెలల్లో అవి మెల్లగా ఆమెవి అయ్యాయి.

ఆ చెవులతోనే ఇప్పుడు వింటోంది. కుండలో చుక్క. బోదగడ్డిలో గాలి. కింద చరియలో కౌజుపిట్ట ఒకటి గొంతు సవరించుకుని, ఇంకా తెల్లారలేదని ఎవరో కసిరినట్టు చప్పున ఊరుకుంది. రాయి మీద అరచెయ్యి పెడితే నిన్నటి ఎండ ఇంకా లోపల వెచ్చగా ఉంది, పైన చల్లగా ఉంది. రెండూ ఒకేసారి చేతికి తెలుస్తున్నాయి. పుట్టింట, ఆస్పరి దిక్కు పల్లెలో, పరికిపండ్ల కోసం కొండెక్కినప్పుడు ఇట్లాగే చెయ్యి ఆనించి చూసేది. పండ్లు ఒళ్ళో పోసుకుని ఒక్కతే కూర్చుని గట్టిగా పేరు పెట్టి తన్ను తనే పిలుచుకునేది, కొండ మళ్ళీ పిలిచేది. ఆడపిల్లకు కొండ మీద అరుపులేందమ్మే అని అమ్మ తిట్టేది. పదమూడో ఏట పెళ్ళయ్యాక కొండ ఎక్కింది లేదు, ఒక్కతే కూర్చుందీ లేదు. బహిర్భూమికి పోవాలన్నా నలుగురు కలిసి పోవాలి, బావికి పోవాలన్నా గుంపుగా పోవాలి, ఏడవాలన్నా పొయ్యిముందు పొగ ఉండాలి. ఒంటరితనం అంటే ఆడదానికి పట్టే పీడ అన్నట్టు మాట్లాడతారు. ఒంటరిదైపోయె పాపం అంటారు. ఒక్కసారి ఈ బండమీద వచ్చి కూర్చోండమ్మా, తర్వాత మాట్లాడదాం అనిపించింది. నోరు విప్పకూడదు గనక అనలేదు, విప్పినా అనేది కాదు.

చుక్క పడింది. కుండ సగం కూడా కాలేదు. సగం కాకపోవడం ఎంత మంచిదో. చుక్కను చూస్తుంటే గంజి అండా గుర్తొచ్చింది. ఉగాదికి ముందు పత్తికొండనుంచి బండి వచ్చి బడి వసారాలో గంజి కేంద్రం పెట్టారు. వెంటవచ్చిన గుమాస్తా, కలిపేదెవరు అని అడిగాడు. నేను కలుపుతా అన్న మాట ఎవరి నోటినుంచి వచ్చిందా అని అందరితోపాటు ఆమె కూడా చుట్టూ చూసింది. తన నోటినుంచే. బారెడు పిడి ఉన్న గంటె చేతికిచ్చారు. మొదటిరోజే తోపులాట. ఓబులేసు, నలభై ఎకరాల ఆసామి ఇంటి జీతగాడు, మాటకారి, అందరినీ మోచేతులతో తోసుకుని చెంబు ముందుకు చాపాడు. “వరస ఉండాదప్పా, వరసలో రా” అంది ఆమె. అన్నాక గంటెను రెండు చేతులా పట్టుకుంది. ఓబులేసు ఆమెను చూశాడు, గంటెను చూశాడు, పోయి వరస చివర నిలబడ్డాడు. ఆ రోజంతా ఆమె పొయ్యి సెగకు చెమటలు కారుతున్నా నవ్వుతూనే ఉంది. ఎవరికీ గంటె కొసరు లేదు, ఎవరికీ తరుగు లేదు. పిల్లలకు అడుగునుంచి చిక్కగా, మాటకారులకు పైనుంచి పలచగా, అదొక్కటే ఆమె చేసిన పక్షపాతం. పదిరోజులకు పేరు మారింది. గోపన్న పెండ్లాం అనేవాళ్ళు గంజక్కా అని పిలవసాగారు. ఇంటికొచ్చి అత్తకింత పోసి, తనింత తాగి, వాకిట్లో చాప వేసుకుని పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాదు. ఒకరోజు మధ్యాన్నం ఎవరో ఏదో అంటే పకపకా నవ్వింది, ఆ నవ్వు తనదేనా అని ఉలిక్కిపడింది. వాన పడితే గంజి కేంద్రం ఎత్తేస్తారు. గంటె బండెక్కి పత్తికొండ పోతుంది. గంజక్క మళ్ళీ గోపన్న పెండ్లాం అవుతుంది.

చేతులు చూసుకుంది. తూర్పు కొంచెం తెల్లబడి గాజులు కనబడుతున్నాయి. వైశాఖంలో ఒకరోజు అత్త మద్దమ్మ చాట ముందు కూర్చుని కోడలి చేతుల వైపు చూస్తూ, “అందురికీ గాజులు జారిపోతాంటే నీకు బిగిసె గదమ్మే” అంది. తిట్టలేదు, మెచ్చుకోలేదు, కనబడింది గనక అంది. ఆ మాటతో రెండు రోజులు గుక్క మింగుడు పడలేదు. తన గంటెడు తప్ప ఎక్కువ తాగలేదు, దేవుడి తోడు. తిన్నది కాదు, నిద్ర ఒంటబట్టింది. కానీ ఎవరికి చెబితే నమ్ముతారు, కరువులో ఒళ్ళు చేసిన ఆడదాన్ని? ఆ నెల్లోనే కదా పక్కింటి వెంకటేశ్వరమ్మ బిడ్డ పోయింది. ఎనిమిది నెలల పిల్ల. చావు మైల ఏడాది తిరగనిదే బండ కడగకూడదు గానీ, లేకపోతే ఇవాళ ఈ కొండ మీద ఉండాల్సింది ఆ తల్లే. తల్లికి పాలు ఇంకిపోయాయి, గంజితేటలో వేలు ముంచి నాకించేవాళ్ళు, పిల్ల ఆ వేలును కూడా వదిలేసింది. ఒక పొద్దున బడి వసారాలో వరస సాగుతుండగా కబురొచ్చింది. భీమక్క గంటె ఆపలేదు, ఆపితే వరస చెదిరిపోతుంది. సాయంత్రం పోయి వెంకటేశ్వరమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఇంటికి వచ్చింది. పడుకుంది. నిద్రపోయింది. అదే, అదే ముల్లులా ఉండిపోయింది. నిద్రపట్టింది ఆమెకు. వాన ఉంటే గడ్డి, గడ్డి ఉంటే గొడ్డు, గొడ్డు ఉంటే పాలు. ఆ వాననే నువ్వు వద్దంటాండావు. మరి ఆ పిల్లను మింగిందెవురు? అడిగింది తనే. జవాబు చెప్పాల్సిందీ తనే. లేచి కుండలోకి తొంగి చూసింది.

కుండ నిండింది. నిండినప్పుడు చప్పుడు మారుతుంది. ఆ చప్పుడు ఇంటికి పో అని చెప్పినట్టయి ఆమె మనసు చివుక్కుమంది. కుండ ఎత్తుకుని వరదబండ దగ్గరికి నడిచింది. పదిమంది పడుకునేంత వెడల్పు, నడుమ నున్నగా తేలిన పల్లం. ఎన్ని కరువుల్లో ఎన్ని నాలుకలు నాకితే అంత నునుపయిందో. పిట్టల రెట్టలు, ఎండుటాకులు చీపురుతో తోసేసి, కుండలోంచి కొంచెం కొంచెం ఒంపుతూ ఆ పల్లాన్ని రుద్దసాగింది. నీళ్ళు తగిలిన చోటల్లా బండ నల్లబడి మెరిసింది. మోకాళ్ళ మీద వంగి రుద్దుతుంటే నడుములో పాత నొప్పి లేచింది. పదకొండేళ్ళ నాటి నొప్పి. అప్పుడు కడుపులో అయిదో నెల. గోపన్న తోసిన తోపుకు రోలు మీద పడింది. మొదట పరుగెత్తుకు వచ్చింది అత్తే. ఆ చిన్న మూటను పెరట్లో కంచె వార పూడ్చింది కూడా అత్తే. గడప తట్టుకుని పడె నా కోడలు అని ఊరందరికీ ఆమే చెప్పింది, భీమక్క వింటుండగానే చెప్పింది. ఆ తర్వాత మూడు నెలలు మద్దమ్మ తన మంచం తెచ్చి కొడుకు గది గడపకు అడ్డంగా వేసుకుని పడుకుంది. అత్తా ఎందుకు అని కోడలు అడగలేదు, అమ్మా ఎందుకు అని కొడుకు అడగలేదు. ఇవాళ్టికీ ఆ ముసలామె మనసులో ఏముందో భీమక్కకు తెలియదు. కొడుకు పోయినప్పటినుంచి ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాస్తుంది. కొడుకు క్షేమం కోసమే అయి ఉంటుంది. ఎంతైనా కన్నకడుపు.

బండ కడగడం అయిపోయింది. ఇక అడగడం ఒక్కటే మిగిలింది. ఎట్లా అడగాలి? వానా రా, నా మొగుణ్ణి తే. లోపల అనుకుని చూసింది. నోరు తిరగలేదు. సరే, సంతలో వంకాయల బేరం ఆడినట్టు పైవాడితో బేరం పెట్టింది. సామీ, వాన ఇయ్యి, కాలవ పని మాత్రం ఇంకో రెండేండ్లు సాగనీ. పోనీ మా ఊరికి వాన ఇచ్చి, కాలవకాడ ఉండేవాళ్ళకు ఆ కబురు పోకుండా చూడు. పోనీ అతనికి అక్కడే మంచి మేస్త్రీ పని చూపించు, ఇంకో ఆడదాన్ని చూపించు. అయ్యో, ఆ ఆడదాని గతేమిటి, వద్దులే. ఈ బేరాలకు తనకే నవ్వొచ్చి, నవ్వు మధ్యలో తలెత్తి చూసింది. నైరుతి మూల, దూరంగా, అరచేయి వెడల్పు మోడం. సన్నగా, అంచు బూడిదరంగులో. దాన్ని చూడగానే చీపురు చేతికి తీసుకుంది. నోరు మెదపకుండానే పో అన్నట్టు అడ్డంగా ఊపింది. చేను దున్నేవాడి కూతురు, చేను దున్నేవాడి పెండ్లాం, మోడాన్ని చూసి చీపురు ఊపింది. ఏం చేసినానే తల్లీ అని లోపలే అనుకుని అక్కడే చతికిలబడింది. మోడం పోయిందా ఉందా అని చూసే ధైర్యం లేక మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

అట్లా ఎంతసేపు ఉందో, చేతుల మీద ఎండ తగిలింది. కిందనుంచి మాటలు వినబడ్డాయి. మాటలంటే మాటలు కావు, రొప్పు. లేచి కొండ అంచున నిలబడి చూసింది. ఊరంతా ఎక్కుతోంది. గంజి వరసలో నిలబడ్డప్పుడు ఒక్కొక్కరే ముందుకొస్తారు, చెంబును చూసి పోస్తుంది, మొహం చూడ్డానికి తీరిక ఉండదు. అందరినీ ఒక్కసారి, ఎండలో, ఎత్తునుంచి చూడడం ఇదే. పది అడుగులేసి కూర్చుంటున్నారు. లేచి మళ్ళీ పది అడుగులేస్తున్నారు. ఓబులేసు భుజం మీద పాశం వండే గుండిగ మోస్తూ రెండుచోట్ల ఆగాడు, అంత మొనగాడు. ఈరన్నను ఇద్దరు రెక్కలు పట్టి ఎక్కిస్తున్నారు. వెంకటేశ్వరమ్మ కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది, మోపు పట్టుకోని చెయ్యి అలవాటు కొద్దీ నడుము దగ్గర వంచి ఉంది, చంకలో బిడ్డ ఉన్నట్టే. ఆ వంచిన చెయ్యి చూసి భీమక్కకు దుఃఖం తన్నుకొచ్చింది. వాన రావాలి. రాకపోతే వీళ్ళెవరూ మిగలరు, గంటె పట్టుకుని తనొక్కతే ఖాళీ వసారాలో నిలబడాలి. రావాలి. ఈసారి బేరం లేకుండా అనుకుంది. వాన వేరు, గోపన్న వేరు. రెంటినీ కలిపి ముడేసింది అతను పంపిన కబురు. ఆ ముడి తనెందుకు మొయ్యాలి? ఈ ఆలోచన వచ్చి ఒళ్ళు తేలికపడింది. వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. అందరి ముందూ పేరు చెప్పి అడగాలి కదా.

పొయ్యి రాజుకుంది, కొర్రలు ఉడికాయి, బెల్లం వాసనకు పిల్లలు గుటకలు మింగారు. మద్దమ్మ పాశం గుండిగ వంచి బండ పల్లంలో కుమ్మరించింది. అందరూ చేతులు వెనక్కి పెట్టుకుని చుట్టూ మోకరించారు. భీమక్క ముందు మోకరించింది. వెనకనుంచి ఈరన్న, “అడుగమ్మా” అన్నాడు. నిన్నటినుంచి మూసిన నోరు విప్పేసరికి గొంతు బొంగురుపోయింది. “వానా రా” అంది. “వచ్చి మా వెంకటేశ్వరమ్మకు పాలు తే. మా ఈరన్న మామ చేనుకు పదును తే. పిల్లోల్లకు కూడు తే, గొడ్లకు గడ్డి తే.” వెనక ఎవరో వెక్కారు. ఆమె ఆగింది. ఈరన్న మెల్లగా, “నీదేందో చెప్పమ్మా, అదే మొదులు అడగాల్సింది. గోపన్నను తెమ్మని అడుగు” అన్నాడు. ఆవిరి ఆమె మొహానికి తగులుతోంది. అడిగితే ఒక్క మాట. ఊరి సంతోషం, అత్త సంతోషం. కానీ ఆ మాట పొల్లు. పొల్లు మాటకు వెనక్కి పోయే మోడం ఆ అరచెయ్యంత ముక్కే అయితే? “చెప్పలేను మామా” అంది. “చెప్తే అబద్ధం అవుతాది. వాన రాదు.”

ఆమె తల ఎత్తలేదు. ఇన్నేళ్ళు గడపలోపల దాచింది కొండమీద, అందరి మధ్యా, బండ మీద పడింది. ఇక గోపన్న వచ్చినా రాకపోయినా ఈ మాట ఊళ్ళోనే ఉంటుంది, అతని చెవిన పడుతుంది. ఏం మాటమ్మా అది అని ఓబులేసు గొణిగాడు. ఈరన్న దగ్గాడు. అప్పుడు మద్దమ్మ ఖాళీ గుండిగను పక్కన పెట్టి, వచ్చి కోడలి పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా మోకాళ్ళు ఆనించింది. “దాన్ని ఇడ్సిపెట్టప్పా ఈరన్నా. వాడు నా కడుపున పుట్టినోడు. వాన్ని అడగాల్సింది నేను” అంది. అది న్యాయమే అన్నట్టు ఈరన్న తలాడించాడు. మద్దమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని వంగింది. పైకి ఏమీ వినబడలేదు, పెదాలు మాత్రం కదిలాయి, చెవి పక్కనే ఉన్నందుకు భీమక్క ఒక్కతే విన్నది. వానా రా అంది మద్దమ్మ. బిడ్డలకు పాలు తే అంది. గొడ్లకు గడ్డి తే అంది. అని ఆగింది. ఇక కొడుకు పేరు వస్తుందని భీమక్క కాచుకుంది. మద్దమ్మ ఆ పేరు ఎత్తలేదు. తల ఇంకా కిందికి వంచి బండకు నాలుక ఆనించింది, ఆమెను చూసి ఊరంతా వంగింది.